గుమ్మం దగ్గర కుంకుడు నీళ్లు

ఆగస్టు 21

నిన్న శంషాబాద్‌లో గోపాల్‌ను విమానం ఎక్కించి వచ్చాను. ఇక రెండేళ్లదాకా ఫోనే. వెళ్లేముందు కూడా అదే మాట, ఉద్యోగం మానేసి నిర్మల్‌లో మా అత్తగారి దగ్గర ఉండమని. నలభై రోజుల సెలవులో మూడుసార్లు గొడవపడ్డాం, మూడుసార్లూ దీనిమీదే. దుబాయి నుంచి తెచ్చిన బామ్ సీసాలు ఆరు, అల్మారాలో వరసగా పెట్టి పోయాడు. తనూ రోజూ నడుముకు అదే రాసుకునేవాడు. పొద్దున లేస్తూనే తలనొప్పి. ఒక సీసా విప్పి నుదుటికి రాసుకున్నాను. ఆ వాసనకు ఇల్లు కాస్త తక్కువ ఖాళీగా అనిపించింది.

కాలేజీలో ప్రిన్సిపాల్ సదానందం సార్ పిలిచారు. యానిమల్ హౌస్‌లో ఉన్న తెల్ల ఎలుకలు చాలావరకు ముసలివైపోయాయి. జనవరిలో మా విద్యార్థిని భవ్యశ్రీ ఎం.ఫార్మసీ ప్రాజెక్టుకు ముప్పై ఆరు ఎలుకలు కావాలి. మనం పుట్టించలేకపోతే హైదరాబాద్ నుంచి తెప్పించి, యానిమల్ హౌస్‌కు తాళం వేస్తారట. అంటే ఇన్‌చార్జిగా నా పోస్టు లేదు, ఆయా రామవ్వకు పని లేదు. నిర్మల్ బస్సు ఎక్కడమే. గోపాల్ మాట నెగ్గుతుంది.

అలా జరగనివ్వను. ఈడున్న ఆడ ఎలుకలు ఇంకా ఎనిమిది ఉన్నాయి. వంతులవారీగా జతకట్టిస్తున్నాం, కొన్నింటికి అప్పుడే పొట్ట కనిపిస్తోంది. ముప్పై ఆరు ఎంత?

ఆగస్టు 25

మూడో కేజ్‌లో పిల్లలు పుట్టాయి. తొమ్మిది.

రామవ్వ సంబరం చూడాలి. చెన్నూరు మనిషి, కూతురి దగ్గర లక్సెట్టిపేటలో ఉంటుంది. ఒకప్పుడు ఊళ్లో పురుళ్లు పోసిందట, అందుకని ఎలుకలను కూడా బాలింతలనే అంటుంది. గది గుమ్మం దగ్గర ఎప్పుడూ ఒక గిన్నె ఉంచుతుంది, కుంకుడు రసం కలిపి నాలుగు వేపాకులు వేసిన నీళ్లు. అందులో చేతులు రుద్దుకోనిదే నన్ను కూడా లోపలికి పోనివ్వదు.

"మూడొద్దులు ముట్టద్దు మేడం. దగ్గరికి వోయి జూడద్దు గూడ. పచ్చి బాలింత."

మూడు రోజులు ముట్టకూడదట. పెద్దల మాట చద్దిమూట అని లోపల నవ్వుకున్నాను. చదువుకున్నది నేను, పాఠం చెప్పేది ఆమె. అయినా కడుక్కున్నాను. గుమ్మానికి అడ్డంగా నిలబడితే ఏం చేస్తాం.

ఆగస్టు 28

తొమ్మిదికి తొమ్మిది. పొట్టల్లో పాలు తెల్లగా కనిపిస్తున్నాయి.

ఆగస్టు 31

ఈ రోజు తల కొట్టేసినట్టయింది. సదానందం సార్ రౌండ్‌కు వచ్చి, గుమ్మం దగ్గర గిన్నె చూసి, ఇది ల్యాబా పురిటి గదా అని భవ్యశ్రీ ముందే అడిగారు. రేపు తనిఖీకి వచ్చినవాళ్లు వేపాకులు చూస్తే నవ్విపోతారన్నారు. ఆయన అటు వెళ్లగానే గిన్నె ఎత్తి బయట కుమ్మరించాను. మళ్లీ పెట్టవద్దని రామవ్వకు గట్టిగానే చెప్పాను. ఆమె గిన్నెను కొంగుతో తుడిచి సంచిలో పెట్టుకుంది.

ఇకనుంచి ఏ కేజ్‌లో పిల్లలు పుట్టినా, పుట్టిన రోజు నుంచే వాటిని ట్రేలో పెట్టి, ఫోటో తీసి, ఎన్ని ఉన్నాయో రాసి, రోజూ పొద్దున తొమ్మిది గంటలకల్లా తన వాట్సాప్‌కు పంపాలని సార్ ఆర్డరు. గ్లౌజులు అయిపోయి నెల. మళ్లీ రాసిచ్చాను. వస్తాయన్నారు.

సెప్టెంబరు 4

ఐదో కేజ్, పది పిల్లలు. ఫోటో పంపాను. మొదటిసారి తీసింది మసకగా ఉందని సార్ మళ్లీ అడిగారు, మళ్లీ ఒక్కొక్కటీ ట్రేలో పెట్టి తీశాను. తొమ్మిది దాటుతుందేమోనన్న కంగారుకే కణతలు పట్టేశాయి. బామ్ రాసుకుంటే గాని పని నడవలేదు.

సెప్టెంబరు 5

ఆరు. నాలుగు లేవు. కేజ్‌లో పరిచిన వరి పొట్టులో ఒక చిన్న కాలు దొరికింది. తల్లే తినేసింది.

టీచర్స్ డే అని విద్యార్థులు కేక్ కోయించారు. నోట్లో పెట్టుకుని బయటికి వెళ్లి ఉమ్మేశాను.

సెప్టెంబరు 6

ఒక్కటీ లేదు.

సెప్టెంబరు 8

తొలిచూలు తల్లులు ఒక్కోసారి తినేస్తాయి. పుస్తకంలోనే ఉంది. ఇందులో మన తప్పేమీ లేదు. సార్‌కు ఆ పేజీ ఫోటో తీసి పంపాను. చదివినట్టు నీలం గుర్తులు పడ్డాయి, జవాబు రాలేదు.

మూడో కేజ్ పిల్లలకు బొచ్చు వచ్చింది. తొమ్మిదీ నిక్షేపంగా ఉన్నాయి. ఆ తల్లికీ అది తొలిచూలే. ఆ సంగతి సార్‌కు రాయలేదు.

సెప్టెంబరు 11

ఒకటో కేజ్‌లో నిన్న ఎనిమిది. ఈ రోజు రెండు.

కారణం దొరికింది. కాలేజీ గోడ అవతలే వినాయకుడి మండపం, పొద్దంతా మైకు. మనుషులకే గుండె అదురుతుంటే ఎలుకలకు చెప్పాలా. పోయి మండపం వాళ్లను అడిగితే, మేడం, దేవుడి పాటలకు ఎలుకలు భయపడుతయా, దేవుని బండే ఎలుక గద అన్నారు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. స్టాఫ్ రూమ్‌కు వచ్చి బామ్ రాసుకుని పది నిమిషాలు కళ్లు మూసుకున్నాను. మళ్లీ వెళ్లి ఆ రెండూ ఉన్నాయా అని ఎత్తి చూశాను. ఉన్నాయి.

సెప్టెంబరు 12

లేవు.

సెప్టెంబరు 14

గోపాల్ ఫోన్ చేశాడు. తలనొప్పి తగ్గిందా అన్నాడు. రెండో సీసా సగమైందన్నాను. ఎలుకల సంగతి చెప్పలేదు. చెబితే నిర్మల్ అంటాడు.

సెప్టెంబరు 16

ఏదీ వదలలేదు. గది వేడి చూశాను, సరిగానే ఉంది. లైటు ఎవరైనా రాత్రంతా వదిలేస్తున్నారా అని వాచ్‌మెన్ అంతయ్యను నిలదీశాను, లేదన్నాడు, మూడు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. మేత బస్తా విప్పి బూజు పట్టిందేమో వాసన చూశాను. నాకేమీ తెలియలేదు, ఈ మధ్య ముక్కుకు బామ్ తప్ప ఏదీ ఆనడం లేదు. భవ్యశ్రీని చూడమంటే బాగానే ఉందంది. పరుపుకు వేసే వరి పొట్టు కొత్త మిల్లు నుంచి తెప్పించాను. రోజుకు నాలుగుసార్లు చూసే కేజ్‌లను ఆరుసార్లు చూస్తున్నాను. ఇంతకంటే జాగ్రత్త ఎవరు తీసుకుంటారు?

చేతులు కుళాయి కింద కడుక్కునే వెళ్తున్నాను. ప్రతిసారీ.

సెప్టెంబరు 18

నిన్నటితో నిమజ్జనం అయిపోయింది. మైకు లేదు. ఏడో కేజ్‌లో పదకొండు పిల్లలు. ఇన్ని ఎప్పుడూ లేవు. దేవుడు కరుణించాడు.

సెప్టెంబరు 20

మూడు మిగిలాయి.

ఆ కేజ్‌లో జొన్నరొట్టె ముక్క దొరికింది. రామవ్వను పిలిచి అడిగాను. నేనే పెట్టిన అంది, దాచలేదు. ఎవరినడిగి పెట్టావు, బయటి తిండి పెట్టకూడదని ఎన్నిసార్లు చెప్పాను అని కేకలేశాను. తలవంచుకుని నిలబడింది.

ఇదీ కారణం. ఇన్నాళ్లూ ఎక్కడెక్కడో వెతికాను. ఎవరూ చూడనప్పుడు ఆమె ఏమేం పెడుతోందో ఎవరికి తెలుసు?

సెప్టెంబరు 21

ఏడో కేజ్‌లో ఆ మూడూ పోయాయి. సార్ ఒకే మాట అడిగారు. "ఎవల తప్పో రాసియ్యున్రి మేడం. పేరు గావాలె."

రాసిచ్చాను. రిజిస్టరులోనే, ఆయా నిర్లక్ష్యం, అనుమతి లేని ఆహారం అని. నాలుగు లైన్లు. కింద సంతకం.

సెప్టెంబరు 23

రామవ్వ తాళంచెవి ఇచ్చేసి వెళ్లింది. వారం దాటితే బతుకమ్మ. పండుగదాకా ఉంచమని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. పోయేటప్పుడు కేజ్‌ల వరస ముందు నిలబడి, "నాలుగోదానికి దినాలు దగ్గర పడ్డయి, పైలం" అని జాగ్రత్త చెప్పింది. అంతే.

నియమం నియమమే. నేను కావాలని చేయలేదు.

సెప్టెంబరు 30

నాలుగో కేజ్‌లో ఎనిమిది. ఇక రొట్టె లేదు, రామవ్వ లేదు, మైకు లేదు. అన్నీ నేనే చూసుకుంటున్నాను. నీళ్లు నేనే, మేత నేనే, పొట్టు మార్చడం నేనే. నడుము విరిగిపోతోంది. నడుముకు కూడా బామ్ మొదలైంది. మూడో సీసా.

అక్టోబరు 2

లేవు. ఎనిమిదీ లేవు.

వీధిలో ఎంగిలిపూల బతుకమ్మ ఆడుతున్నారు. కిటికీ వేసుకున్నాను.

కొత్త చేతులకు అలవాటు పడక తల్లి బెదిరి ఉంటుంది. మనిషి మారితే ఆ బెదురు కొన్నాళ్లు ఉంటుంది. పుస్తకంలో ఎక్కడో చదివాను. రేపు వెతకాలి.

అక్టోబరు 3

వెతికాను. లేదు.

అక్టోబరు 13

పరీక్ష పేపర్లు దిద్దడానికి రేపటి నుంచి కరీంనగర్. నాలుగు రోజులు. వెళ్లనన్నాను, సార్ ఒప్పుకోలేదు. ఎనిమిదో కేజ్ తల్లి ఇవాళో రేపో అన్నట్టుంది. భవ్యశ్రీకి చెప్పాను, నీళ్లూ మేతా పైనుంచే పెట్టి వచ్చేయ్, మూత తీయకు, ఏ ఒక్కటి పోయినా నీ మీదికి వస్తుంది అని. బిత్తరపోయింది. సార్‌కు ఫోటోలు నేను వచ్చాక పంపుతానని చెప్పాను.

అక్టోబరు 18

పదకొండు! పుట్టి నాలుగు రోజులు. పదకొండూ పాలు తాగి గుండ్రంగా ఉన్నాయి!

బస్సు దిగి సంచీ భుజాన ఉండగానే వచ్చాను. దారంతా ఎండకు తల పగిలిపోయి, రెండుసార్లు బామ్ రాసుకుని కూర్చున్నాను. లోపలికి వెళ్లి చూసేసరికి నొప్పే మర్చిపోయాను. ఒక్కొక్కదాన్ని అరచేతిలో పెట్టుకుని చూశాను. ఫోటో తీసి సార్‌కు పంపాను. భవ్యశ్రీని కావలించుకోబోయాను. ఏం మంత్రం వేశావే అంటే, ఏం జెయ్యలే మేడం, మూతనే తియ్యలే అంది.

అక్టోబరు 19

ఏడు.

నిన్న పదకొండు. ఈ రోజు ఏడు. మైకు లేదు, రొట్టె లేదు, రామవ్వ లేదు. నిన్నటికీ ఈ రోజుకూ మధ్య ఆ కేజ్ దగ్గరికి వెళ్లింది నేనొక్కదాన్నే.

భవ్యశ్రీ పక్కనే నిలబడి మెల్లగా అంది. "మేడం, ఏమనుకోకున్రి. నాలుగు రోజులు గీ రూమ్ల ఎల్కల వాసననే ఉండె. మీరొచ్చినంక మల్ల మొత్తం బామ్ వాసన."

ఇంటికొచ్చి ఈ డైరీని మొదటి నుంచి చదివాను. కాలేజీ రిజిస్టరులో పిల్లల సంఖ్య ఉంటుంది, మేత ఉంటుంది, గది వేడి ఉంటుంది. నా తలనొప్పి ఉండదు. అది ఇక్కడే ఉంది. సెప్టెంబరు 4, బామ్, మర్నాడు నాలుగు పోయాయి. 11న బామ్, మర్నాడు రెండూ పోయాయి. 30న బామ్. నిన్న బామ్. నా చేతి వాసన పిల్లలకు అంటింది. తల్లి వాటిని తన పిల్లలని గుర్తుపట్టలేదు. మూడో కేజ్ తొమ్మిదీ ఎందుకు బతికాయంటే, కుంకుడు నీళ్లు జిడ్డును వదిలిస్తాయి గనుక, మూడు రోజులు రామవ్వ నన్ను ముట్టనివ్వలేదు గనుక. కుళాయి నీళ్లకు బామ్ వదులుతుందా? చిన్నపిల్లలకు కూడా తెలుసు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాను.

ఒక్కొక్కటీ పోయినప్పుడల్లా తల నొచ్చింది. నొచ్చినప్పుడల్లా రాసుకున్నాను. రాసుకుని మళ్లీ వెళ్లి ఎత్తి చూశాను.

అక్టోబరు 20

రాయబుద్ధి కావడం లేదు.

అక్టోబరు 21

ఆలోచించాను. ఎవరికీ తెలియదు. భవ్యశ్రీకి ఆ మాట అన్నట్టు కూడా గుర్తుండదు. బామ్ మానేస్తాను, చేతులు సబ్బుతో మోచేతులదాకా కడుగుతాను, పిల్లలు బతుకుతాయి. జనవరికి ముప్పై ఆరు అవుతాయి. యానిమల్ హౌస్ ఉంటుంది, నా పోస్టు ఉంటుంది. రామవ్వ పనిమంతురాలు, ఇంకెక్కడైనా చూసుకుంటుంది. రొట్టె పెట్టిన మాట నిజమే కదా. నేనేమీ అబద్ధం రాయలేదు.

మిగిలిన మూడు సీసాలు బట్టల కింద దాచాను. పారేయలేకపోయాను.

అక్టోబరు 24

ఆరో కేజ్‌లో పది. నేను మూత తీయలేదు. సార్‌కు పైనుంచి తీసిన ఫోటో పంపాను.

తల పగిలిపోతోంది. రాసుకోలేదు.

అక్టోబరు 28

పదికి పది. ఎనిమిదో కేజ్‌లో ఏడూ ఉన్నాయి. మూడో కేజ్ తొమ్మిదీ తల్లిని వదిలి పెద్దవయ్యాయి. మొత్తం ఇరవై ఆరు. మళ్లీ జతకట్టిస్తే జనవరికి ఎదగవు, ఇక రెండో కేజ్ ఒక్కటే మిగిలింది, దానికి పది పుడితే చాలు.

సార్ స్వయంగా వచ్చి చూశారు. స్టాఫ్ అందరూ ఉండగా అన్నారు. "ముసలామెను తీసేసినంక ఎట్ల సాఫ్ అయిందో జూసిన్రా? మంచి పని జేసిన్రు మేడం."

నేను నవ్వాను. నవ్వాను! ఆ నవ్వు ఎలా వచ్చిందో తెలియదు. పిల్లలు చనిపోయినప్పుడు కూడా నా మీద నాకు ఇంత అసహ్యం వేయలేదు. ఇప్పుడు బతికిన ప్రతి పిల్లా రామవ్వ మీద సాక్ష్యం చెబుతోంది.

నవంబరు 1

నిన్న దీపావళి. గోడ అవతల సాయంత్రమంతా బాంబులు పేల్చారు. ఒక్క పిల్ల పోలేదు. మండపం వాళ్లకు కూడా క్షమాపణ చెప్పాలేమో.

నవంబరు 3

లక్సెట్టిపేట వెళ్లాను. ఆదివారమైనా రామవ్వ గడపలో కూర్చుని బీడీలు చుడుతోంది, ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. నన్ను చూసి లేవబోయింది. వద్దని పక్కనే కూర్చున్నాను. దారిలో అనుకున్న మాటలన్నీ పోయాయి.

"నా చేతుల బామ్ వాసనకే పిల్లలు పోయినయి రామవ్వా. నీ తప్పు లేదు. నీ మీద నేను రాసిచ్చిన."

ఆమె బీడీకి దారం చుట్టి కట్టలో పెట్టింది. ఆశ్చర్యపోలేదు.

"నాకెర్కనే బిడ్డా."

ఆమె ఇంటిదగ్గర బీడీలు చుట్టడం కొత్తగా మొదలుపెట్టలేదట. కాలేజీకి వచ్చే రోజుల్లోనూ పొద్దున నాలుగు కట్టలు చుట్టి వచ్చేదట. పనిలో చేరిన ఏడాది ఆ తంబాకు చేతులతోనే ఒక పచ్చి బాలింత కేజ్ కడిగితే పిల్లలన్నీ పోయాయట. అప్పటి నుంచి కుంకుడు నీళ్లు. ఆ గిన్నె మొదట తనకోసమే పెట్టుకుంది. నేను కుమ్మరించాక ఇంట్లోనే చేతులు రుద్దుకుని వచ్చేది. రొట్టె ఎందుకు పెట్టావని అడిగాను. పిల్లలు పోయాకే పెట్టిందట, తల్లికి కడుపు నిండక తింటోందేమోనని.

"మరి నాకెందుకు చెప్పలే?" అన్నాను.

"ఏమని జెప్పాలె? మీ ఆయన పోయిన కాంచి గా సీస నీ చేతుల్నే ఉండె. పెనిమిటి యాదికి రాసుకునేదాన్ని వద్దని ఎట్లంట? నీళ్లు పెడితే వాసన వోతది, నీ మనసు గూడ నొవ్వది అనుకున్న. గా నీళ్లు గూడ పారవోస్తివి."

ఏడ్చాను. గడపలో కూర్చుని, బీడీల చాట ముందు, అందరూ చూస్తుండగా ఏడ్చాను. ఆమె నా తల నిమరలేదు. తంబాకు చేతులని కాబోలు, మోచేత్తో భుజం మీద తట్టింది.

నవంబరు 4

రిజిస్టరులో సెప్టెంబరు 21 నాటి నా నాలుగు లైన్లు కొట్టేసి, పక్కన రాశాను. పిల్లల మరణానికి కారణం ఇన్‌చార్జి చేతుల వాసన, పుట్టిన మూడు రోజుల లోపే పిల్లలను ముట్టుకోవడం. ఆయా తప్పు లేదు. సంతకం, తేదీ. తీసుకెళ్లి సార్ టేబుల్ మీద పెట్టాను.

రెండుసార్లు చదివారు. ముందు నమ్మలేదు, తర్వాత కోపం వచ్చింది. ఫోటోలకోసమే పిల్లలను ముట్టుకోవాల్సి వచ్చిన సంగతి ఎత్తగానే ఇంకా కోపం వచ్చింది. మెమో ఇచ్చారు. రామవ్వను మళ్లీ పెట్టుకోమని అడిగితే, అందుకు నేనే జామీను అన్నారు. రెండో కేజ్‌తో ముప్పై ఆరు నిండాలి.

"ఒక్కటి తక్కువైనా ఇద్దరు బయటికే. గప్పుడు ఏడ్చుకుంట నా తానికి రావద్దు."

సరేనన్నాను. మెమో మీద సంతకం పెట్టి వచ్చాను.

నవంబరు 5

గోపాల్‌కు అన్నీ చెప్పాను, మెమోతో సహా. నిర్మల్ అంటాడని ఎదురుచూశాను. ఆ మాటే ఎత్తలేదు. దుబాయి నుంచి ఎవరో వస్తున్నారు, వాళ్లతో ఇంకో నాలుగు సీసాలు పంపనా అన్నాడు. వద్దన్నాను.

"మరి తల నొస్తే?"

"నొవ్వనీ" అన్నాను.

నవంబరు 7

రామవ్వ పొద్దున ఏడింటికే వచ్చింది. సంచిలోంచి ఆ గిన్నె తీసి గుమ్మం దగ్గర పెట్టి, కుంకుడు రసం పోసి, వేపాకులు వేసింది. ముందు తను మోచేతులదాకా రుద్దుకుంది. తర్వాత నేను. రామవ్వ ఒక్కతే లోపలికి వెళ్లి ఒక నిమిషంలో బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"అయింది. పొద్దుగాలనే పుట్టినయి."

ఎన్ని అని నోటిదాకా వచ్చింది. పది కావాలి. పది ఉంటే ఇద్దరం ఉంటాం. ఆమె లెక్కపెట్టలేదు, లెక్కపెట్టదు. మూడొద్దులు అంది. నేను గుమ్మం బయట స్టూలు మీద కూర్చున్నాను. లోపలి నుంచి సన్నగా కీచుమంటున్నాయి. చెవి పెట్టి వింటే ఎన్నో తెలుస్తాయేమోనని కాసేపు విన్నాను. తెలియలేదు.

తొమ్మిదికి సార్ మెసేజ్. ఎన్ని?

తెలియదు సార్, ఆదివారం చెప్తాను అని పంపాను. నీలం గుర్తులు పడ్డాయి. ఫోన్ బోర్లా పెట్టి అక్కడే కూర్చున్నాను, చేతులింకా తడిగానే ఉన్నాయి.